మూడు వేళ్ళు తడితే తెలుగు రావాలి

ట్రాక్‌ప్యాడ్ సైగలు మార్చుకోమని చెప్పేవాళ్ళందరిదీ ఒకే మాట: పని త్వరగా అవుతుంది. వేళ్ళు ఇలా జరిపితే తెరిచిన కిటికీలన్నీ కనిపిస్తాయి, అలా జరిపితే ఇంకో డెస్క్‌టాప్ వస్తుంది. సరే. కానీ మనలాంటివాళ్ళకి ఆలస్యం అయ్యేది అక్కడ కాదు. ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారే చోట.

ఆస్ట్రేలియాలో కొన్న ల్యాప్‌టాప్‌లో కూడా తెలుగు ఉంటుంది, కానీ దాక్కుని ఉంటుంది. సెట్టింగుల్లో భాషని చేర్చాక కూడా బాణాన్ని స్క్రీన్ మూలకి తీసుకెళ్ళి, చిన్న గుర్తు నొక్కి, తెలుగుని ఎంచుకోవాలి. టార్నీట్ నుంచి సదరన్ క్రాస్‌కి వెళ్ళే రైల్లో, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక్క మాట కోసం ఇదంతా ఎవరు చేస్తారు? "ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేద్దాం, అందరికీ అర్థమవుతుందిగా" అంటాం. ఈ మాట మీదే నాకు కోపం.

ఎవరికి అర్థమవుతుంది? తెలుగు ముందే వచ్చినవాళ్ళకి! అమ్మమ్మకి వాట్సాప్‌లో అలా పంపితే నేను తప్పు పట్టను, ఆవిడ సర్దుకుని చదువుకుంటుంది. నేర్చుకునేవాళ్ళ సంగతి వేరు. పీ, ఏ, టీ, ఏ అని కొడితే అది పాటా, పాతా? మనకి ఏది రాదో సరిగ్గా దాన్నే ఇంగ్లీషు అక్షరాలు దాచేస్తాయి. 2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 59 వేలమంది. వాళ్ళలో రాయగలిగేది ఎందరో ఆ లెక్కలు అడగలేదు.

విండోస్‌లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. మొదలుపెట్టడానికి మంచిదే, కానీ ఇంగ్లీషు స్పెల్లింగులోనే ఆలోచిస్తూ ఉంటాం. నా ఓటు ఇన్‌స్క్రిప్ట్‌కి. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. హెచ్, ఈ, ఎల్ కొడితే పాత. పాట కావాలంటే ఎల్ బదులు దానికి కుడివైపు రెండో కీ. "అమ్మ" అని రాయడానికి అ, మ, పొల్లు, మళ్ళీ మ. ఒత్తు ఎక్కడుందో తెలియకపోతే వేలు కదలదు. మొదట్లో నత్తనడకే, ఒప్పుకుంటాను.

అందుకే మారడమైనా తేలిక కావాలి. విండోస్ 11లో టచ్‌ప్యాడ్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ జెశ్చర్స్ తెరవండి. మూడు వేళ్ళతో తడితే మామూలుగా సెర్చ్ వస్తుంది (ఎవరు వాడతారో!). దాని బదులు కస్టమ్ షార్ట్‌కట్ ఎంచుకుని విండోస్ కీ, స్పేస్ పెట్టండి. మ్యాక్ సెట్టింగుల్లో ఇలా సొంత సైగ పెట్టుకోలేం, కానీ గ్లోబ్ కీకి ఈ పని అప్పగించవచ్చు.

సెట్టింగులతో ఆడుకోవడం చదువు ఎగ్గొట్టడమే అంటారు కొందరు. పది నిమిషాల పని అది. రోజూ ఇంగ్లీషు అక్షరాల్లోకి పారిపోవడం ఎగ్గొట్టడం కాదా?

ఇక నాలుగు వేళ్ళ సైగ మిగిలింది. ఆంధ్రభారతి నిఘంటువుని టాస్క్‌బార్‌లో మొదటి చోట పెట్టి, ఆ సైగకి విండోస్ కీ, ఒకటి ఇవ్వండి.