గజ్జల్లో బిళ్ళ కాదది

హెర్నియా అనగానే మూటలు మోసే మగవాడే గుర్తుకొస్తాడు మనకి. ఈ అలవాటే ఆడవాళ్ల ప్రాణం మీదికి తెస్తోందని నా అభియోగం. గజ్జల్లో వచ్చే హెర్నియాలన్నీ లెక్కేస్తే మగవాళ్లే ఎక్కువ, నిజమే. కానీ వాటిలో నూటికి రెండు నుంచి నాలుగు దాకా ఉండే ఫెమొరల్ హెర్నియా ఆడవాళ్లకే నాలుగింతలు ఎక్కువగా వస్తుంది. అదీ నడివయసు దాటాక, నాలుగైదు కాన్పులైనవాళ్లకీ, ముసలితనంలో బక్కచిక్కినవాళ్లకీ. గజ్జ మడతకి కాస్త కింద, తొడ మొదట్లో, ఎక్కువగా కుడివైపు, ఉసిరికాయంత ఉబ్బు తేలుతుంది. చాలామందికి నొప్పి కూడా ఉండదు. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా, అలాంటిదే అనుకుని వదిలేస్తారు. ఆ ఉబ్బు దిగిన దారి మాత్రం చాలా ఇరుకు. పైనా లోపలివైపూ బిర్రుగా ఉండే లిగమెంట్లు, కింద ఎముక, బయటివైపు కాలి పెద్ద సిర. పేగు అందులో దూరిందంటే తేలిగ్గా వెనక్కి రాదు, కడుపుబ్బి వాంతులవుతాయి, రక్తం ఆడక ఆ పేగు కుళ్లిపోతుంది.

అరుదైన జబ్బుకి ఇంత గోల ఎందుకు అంటారు కొందరు. అరుదే, కానీ నిదానంగా చూద్దామంటే ఆగే జబ్బు కాదు. 1991లో బ్రిటన్ సర్జన్లు వేసిన లెక్క ప్రకారం మామూలు గజ్జ హెర్నియా మూడు నెలల్లో బిగుసుకుపోయే అవకాశం నూటికి మూడు లోపే. ఫెమొరల్‌కి అది 22, ఇరవై ఒక్క నెలలకి 45. స్వీడన్‌లో 1992 నుంచి 2006 దాకా రిజిస్టరులో నమోదైన ఫెమొరల్ ఆపరేషన్లలో 36 శాతం అత్యవసరంగా చేసినవే. మామూలు రకంలో అవి 5 శాతం. ఫెమొరల్‌లోనే ఆడవాళ్లని విడిగా తీస్తే 40 దాటింది, మగవాళ్లకి 28. నొప్పి లేకపోతే ఆగి చూడొచ్చని చెప్పిన అధ్యయనం ఉంది కదా అని ఇంకో వాదన. 2006లో వెలువడిన ఆ అమెరికా అధ్యయనంలో చేర్చుకున్న 720 మందీ మగవాళ్లే. వాళ్ల మీద తేలిన మాటని ఆడవాళ్లకి ఎలా అంటగడతాం? 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఆడవాళ్ల విషయంలో ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయమనే చెప్పాయి.

ఆడవాళ్ల ఒంటికి కత్తి పెట్టడానికి మనవాళ్లు వెనకాడతారా అంటే అదీ లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్టకీ నడుంనొప్పికీ ముప్పై ఐదేళ్లకే గర్భసంచి తీసేసే చోట, కడుపుబ్బి వాంతులవుతున్న అరవై ఏళ్లావిడకి గ్యాస్ మాత్ర రాసి పంపేస్తున్నారంటే లోటు ఆపరేషన్ల దగ్గర లేదు, చూడటం దగ్గర ఉంది. పరాయి మగాడి ముందు లంగా బొందు సడలించమంటే ఆవిడ సిగ్గుపడుతుంది, ఒప్పుకుంటాను. అందుకు ఒక తెర కట్టాలి, పక్కన నర్సమ్మని నిలబెట్టాలి. వాంతులతో వచ్చిన ప్రతి ఆడమనిషికీ మాత్ర రాసేముందు రెండు గజ్జలూ తడిమి చూడాలి. ఉబ్బు కనబడకపోతే నిలబెట్టి దగ్గమనాలి. దీనికి స్కానింగూ అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు.