పదివేల లీరాల అప్పు... పీచ్ పండు గుజ్జు!

వెనిస్ వెళ్లినవాళ్లు సెయింట్ మార్క్స్ స్క్వేర్‌లో పావురాలని చూస్తారు, గొండోలా పడవ ఎక్కుతారు, ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత కాస్త తీరిక, జేబులో కాస్త ఎక్కువ డబ్బు ఉన్నవాళ్లు పక్కనే ఉన్న కాలే వల్లరెస్సో అనే ఇరుకు సందులోకి నడుస్తారు. సందు చివర, కాలువ ఒడ్డున ఓ చిన్న బారు. బయట ఆర్భాటమేమీ ఉండదు. పేరు 'హ్యారీస్ బార్'. లోపల చాలా బల్లల మీద ఒకటే రకం గ్లాసు కనిపిస్తుంది. పొడవాటి కాడ ఉన్న షాంపేన్ గ్లాసు కాదది, చిన్నపాటి నీళ్ల గ్లాసులా నిటారుగా ఉంటుంది. అందులో లేత గులాబీ రంగు పానీయం, పైన సన్నటి నురగ. దాని పేరు బెల్లిని.

అందులో ఉండేవి రెండే రెండు. తెల్ల పీచ్ పండు గుజ్జు, ప్రొసెకో అనే బుడగల వైన్. షేకర్ ఎగరేసి పట్టుకోవడాలు, మంటలు పెట్టడాలు ఏమీ లేవు. గుజ్జు పోసి వైన్ పోస్తే అయిపోయింది. మరి ఇంత తేలికైనదాన్ని ప్రపంచంలో ఇన్ని హోటళ్లు ఎందుకు చెడగొడుతున్నాయి? ఆ సంగతికొచ్చే ముందు, దాన్ని కనిపెట్టినాయన గురించి కొంత తెలుసుకోవాలి.

ఆయన పేరు జుసెప్పె చిప్రియాని. 1920ల చివర్లో వెనిస్‌లోని యూరోపా హోటల్లో బార్‌మ్యాన్. అక్కడికి హ్యారీ పికరింగ్ అనే కుర్రాడు రోజూ వచ్చేవాడు. అమెరికాలోని బోస్టన్ నుంచి వచ్చిన డబ్బున్నవాళ్ల బిడ్డ. ఉన్నట్టుండి అతను బారుకు రావడం మానేశాడు. ఏమైందని అడిగితే అసలు విషయం బయటపడింది. కుర్రాడి తాగుడు సంగతి ఇంట్లోవాళ్లకు తెలిసి డబ్బు పంపడం ఆపేశారు. ఊరుగాని ఊళ్లో చేతిలో పైసా లేదు. చిప్రియాని ఆలోచించి పదివేల లీరాలు చేతిలో పెట్టాడు. జీతగాడికి అది చిన్న మొత్తం కాదు. కాగితం లేదు, పూచీ లేదు. కుర్రాడు ఓడెక్కి వెళ్లిపోయాడు.

రెండేళ్లు గడిచాయి. ఓ రోజు పికరింగ్ మళ్లీ అదే హోటల్‌కి వచ్చాడు. అప్పు తీర్చాడు. పైన మరో నలభై వేల లీరాలు ఇచ్చి, దీంతో నువ్వే ఓ బారు పెట్టుకో, దానికి నా పేరు పెట్టు అన్నాడట. అలా 1931 మే 13న హ్యారీస్ బార్ మొదలైంది. అంతకుముందు అది తాళ్లు నిల్వచేసే గిడ్డంగి. అప్పట్లో ఆ సందు అక్కడితో ఆగిపోయేది. దారినపోయేవాళ్లు ఎవరూ రారు. వచ్చినవాళ్లంతా దానికోసమే వచ్చేవాళ్లు. చిప్రియానికి కావాల్సిందీ అదే. మరుసటి ఏడాది కొడుకు పుడితే ఆరిగో అని పేరు పెట్టాడు. హ్యారీ అనే పేరుకి అది ఇటాలియన్ రూపం. అంటే బారుకి మనిషి పేరు, మనిషికి బారు పేరు! హెమింగ్వే అక్కడికి తరచూ వచ్చేవాడు. 1950లో వచ్చిన తన నవలలో ఆ బారుని రాశాడు కూడా. 2001లో ఇటలీ ప్రభుత్వం దాన్ని జాతీయ ప్రాధాన్యమున్న స్థలంగా గుర్తించింది.

ఇక పానీయం సంగతి. ఇటలీలో వేసవి వస్తే తెల్ల పీచ్ పండ్లు బుట్టలుబుట్టలుగా దిగుతాయి. పీచ్ అంటే మన పీచు మామిడిలో ఉండే పీచు అనుకునేరు... ఇది వేరు. బాదం చెట్టుకి దగ్గరి చుట్టం, పుట్టింది చైనాలో. పర్షియా మీదుగా యూరప్ చేరడంతో శాస్త్రీయ నామంలో పర్షియా పేరే స్థిరపడింది. చాలాచోట్ల దొరికేది పసుపు కండ ఉన్న రకం. తెల్ల కండ ఉన్నది ఇంకా మెత్తగా ఉంటుంది, పులుపు తక్కువ, సువాసన ఎక్కువ. విత్తనం చుట్టూ, తొక్క కిందా ఎర్రటి జీర ఉంటుంది. గుజ్జు తీసినప్పుడు గులాబీ రంగు వచ్చేది ఆ జీర వల్లే. చిప్రియాని ఆ పండ్లని చేత్తో పిండించి, గుజ్జుని ప్రొసెకోలో కలిపాడు. 1934కీ 1948కీ మధ్య ఎప్పుడో ఇది జరిగిందంటారు. మొదట్లో దానికి పేరు లేదు. 1940ల చివర్లో వెనిస్‌లో జొవాన్ని బెల్లిని చిత్రాల ప్రదర్శన సందడి నడుస్తోంది. 1516లో కన్నుమూసిన ఈ వెనిస్ చిత్రకారుడు టిషియన్ లాంటివాళ్లకి గురువు. ఆయన బొమ్మల్లో ఓ సాధువు కట్టుకున్న వస్త్రం రంగు అచ్చం గ్లాసులోని రంగులా ఉందని చిప్రియానికి తోచింది. అదే పేరు పెట్టేశాడు. ఆయనకిది అలవాటే. 1950లో సన్నగా తరిగిన పచ్చి మాంసం వంటకం ఒకటి చేసి, దానికి కార్పాచో అనే ఇంకో వెనిస్ చిత్రకారుడి పేరు పెట్టాడు.

అప్పట్లో బెల్లిని ఏడాది పొడుగునా దొరికేది కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పండు ఉన్నన్నాళ్లే. గుజ్జుని గడ్డకట్టించి దాచే ఏర్పాట్లు వచ్చాకే డిసెంబరులోనూ బెల్లిని అడగడం మొదలైంది. చెడటమూ అక్కడే మొదలైందనాలి. గుజ్జుని సరిగ్గా గడ్డకట్టిస్తే రుచి చాలావరకు నిలుస్తుంది, దాన్ని తప్పుపట్టలేం. కానీ చక్కెర పాకంలో తేలే డబ్బా పీచ్‌లు, సీసాలో దొరికే పీచ్ వాసన సిరప్‌లు, రంగు కోసం ఎర్ర ద్రావకాలు... ఇవన్నీ వరసగా గ్లాసులోకి చేరాయి. రెండే వస్తువులున్న పానీయంలో ఒకటి నకిలీదైతే సగం పోయినట్టే. ఇరవై దినుసుల పులుసులో ఒకటి తగ్గితే ఎవరూ కనిపెట్టకపోవచ్చు. ఇక్కడ దాక్కోవడానికి చోటు లేదు.

రెండో సగం ప్రొసెకో. వెనిస్‌కి ఉత్తరాన కొనెలియానో, వాల్దొబ్బియాదెనె ఊళ్ల మధ్య ఉన్న నిటారు కొండల మీద ద్రాక్షతోటలుంటాయి. 2019లో యునెస్కో ఆ కొండలని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ పండే ద్రాక్ష పేరు గ్లెరా. ఒకప్పుడు ద్రాక్షనీ ప్రొసెకో అనే పిలిచేవాళ్లు. వేరే దేశాలవాళ్లు ఆ ద్రాక్ష నాటి అదే పేరుతో అమ్ముకుంటారన్న భయంతో 2009లో ద్రాక్షకి గ్లెరా అనే పేరు ఖాయం చేసి, ప్రొసెకో అన్న పేరుని ప్రాంతానికి కట్టేశారు.

ఇంతకీ బుడగ ఎలా వస్తుంది? ద్రాక్షరసం ఒకసారి పులిసి వైన్ అయ్యాక, దానికి మళ్లీ కాస్త చక్కెర, ఈస్ట్ వేసి మూసేస్తారు. రెండోసారి పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. షాంపేన్‌లో ఈ రెండో పులియబెట్టడం సీసాలోనే జరుగుతుంది. నెలలూ ఏళ్లూ ఈస్ట్ మడ్డితో కలిసి ఉండటంతో కాల్చిన రొట్టె వాసన పడుతుంది. ప్రొసెకోకి మాత్రం ఎక్కువగా పెద్ద స్టీలు ట్యాంకుల్లో, తక్కువ రోజుల్లో పని అయిపోతుంది. అందుకే దానికి ఆపిల్, పియర్ పండ్ల తాజా వాసన. పీచ్‌కి జోడీగా కుదిరేది అదే. ఖరీదైన షాంపేన్ పోస్తే బెల్లిని ఇంకా గొప్పగా ఉంటుందనుకోవడం పొరపాటు. రొట్టె వాసన పండుని మింగేస్తుంది. డబ్బూ పోతుంది, పీచూ పోతుంది.

సీసా కొనేటప్పుడు ఓ తిరకాసు ఉంది. లేబుల్ మీద 'బ్రూట్' అని ఉంటే లీటరుకి చక్కెర 12 గ్రాముల లోపు. 'ఎక్స్‌ట్రా డ్రై' అంటే ఇంకా తక్కువేమో అనిపిస్తుంది కదా... కాదు, 12 నుంచి 17 గ్రాములు! ఒట్టి 'డ్రై' అయితే అంతకంటే తీపి. పండు తియ్యగా ఉంటే బ్రూట్, కాస్త పుల్లగా ఉంటే ఎక్స్‌ట్రా డ్రై సరిపోతాయి. ప్రొసెకో దొరక్కపోతే నాసిక్ వైపు తయారయ్యే స్పార్క్లింగ్ వైన్లలో బ్రూట్ రకంతోనూ పని నడుస్తుంది. కాకపోతే దాన్ని బెల్లిని అంటే వెనిస్‌వాళ్లు ఒప్పుకోరు.

పండు ఎంపికే అసలు పని. మన నగరాల్లో వేసవిలో కనిపించే పీచ్‌లు ఎక్కువగా హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల నుంచి వస్తాయి. రంగు చూసి మోసపోకూడదు, ఎర్రగా ఉన్నంత మాత్రాన పండినట్టు కాదు. తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూడాలి. వాసన లేని పండు గుజ్జులోనూ వాసన ఇవ్వదు. గట్టిగా ఉన్నవాటిని కాగితం సంచిలో రెండ్రోజులు బయటే ఉంచితే మెత్తబడతాయి, పరిమళం వస్తుంది. తీపి మాత్రం చెట్టు మీద పట్టినంతే. తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో తోయడం పెద్ద తప్పు. పండకముందే చల్లబడిన పీచ్ లోపల పిండిపిండిగా, రసం లేకుండా తయారవుతుంది. పండాక ఒకపూట ఫ్రిజ్‌లో పెడితే ఇబ్బంది లేదు.

పండిన పండుని మరిగే నీళ్లలో అర నిమిషం ఉంచి, వెంటనే చన్నీళ్లలో వేస్తే తొక్క చేత్తోనే ఊడొస్తుంది. విత్తనం తీసి, స్టీలు జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో అదిమితే కింద గుజ్జు దిగుతుంది. మిక్సీ ఎందుకు వద్దంటే, దాని వేగానికి గాలి కలిసి గుజ్జంతా నురగ అవుతుంది. గాలి తగిలిన పీచ్ ఆపిల్ ముక్కలాగే గోధుమరంగుకి తిరుగుతుంది కూడా. అందుకే పిండిన వెంటనే నాలుగు చుక్కల నిమ్మరసం వేయాలి. పండు బొత్తిగా చప్పగా ఉంటేనే చెంచాడు చక్కెర పాకం. రంగు మరీ పాలిపోతే రెండు రాస్ప్‌బెర్రీలు నలిపి కలిపేవాళ్లూ ఉన్నారు. అది కళ్లకోసమే.

అంతర్జాతీయ బార్‌మెన్ సంఘం చెప్పే కొలత 50 మిల్లీలీటర్ల గుజ్జుకి 100 మిల్లీలీటర్ల ప్రొసెకో. 750 మిల్లీలీటర్ల సీసాతో ఏడు గ్లాసులు వస్తాయి. దానికి కిలోకి కాస్త తక్కువ పండ్లు కావాలి. గుజ్జు, సీసా, గ్లాసులు మూడూ బాగా చల్లగా ఉండాలి. ఇది షోకు కాదు. చల్లటి ద్రవంలోనే వాయువు కరిగి నిలుస్తుంది. వెచ్చబడితే పైకి తన్నుకొస్తుంది. పైగా గుజ్జులోని ప్రతి చిన్న నలుసూ బుడగ పుట్టడానికి ఓ ఆసరా. అందుకే గ్లాసులో ముందు గుజ్జు వేసి, గ్లాసు వంచి, అంచు వెంట కొద్దిగా వైన్ పోసి ఆగాలి. నురగ దిగాక మిగతాది. చివర్లో పొడవాటి చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి లేపితే చాలు. గిలకొడితే బుడగలన్నీ పోయి పండ్లరసం మిగులుతుంది. తొందరపడి ఒకేసారి పోస్తే సగం బల్ల మీద ఉంటుంది. బిరడా తీసేటప్పుడూ నిదానమే. సీసాని ఏటవాలుగా, మనుషులున్న వైపు కాకుండా పట్టుకుని, బిరడాని గట్టిగా పట్టి సీసాని తిప్పాలి. టప్‌మని పేలితే సినిమాకి బావుంటుంది, గ్లాసుకి కాదు.

తియ్యగా ఉందని జ్యూసులా తాగేస్తే కష్టం. ప్రొసెకోలో ఆల్కహాల్ పదకొండు శాతం దాకా ఉంటుంది. గుజ్జు కలిశాక కూడా ఏడు శాతం మిగులుతుంది. మామూలు బీరు కంటే ఎక్కువే. పీచ్ వాసన ఆ సంగతిని కప్పేస్తుంది, అంతే. బల్ల మీద పిల్లలుంటే గ్లాసులు కలిసిపోకుండా చూడటం పెద్దల పని.

తాగనివాళ్లకీ, పిల్లలకీ అదే గుజ్జుతో వేరే గ్లాసు చేయొచ్చు. ఒట్టి సోడా పోస్తే మాత్రం చప్పగా ఉంటుంది. వైన్ ఇచ్చే పులుపూ, కాస్త తీపీ సోడాలో లేవు మరి. గుజ్జులో అర చెంచా నిమ్మరసం, రెండు చెంచాల తెల్ల ద్రాక్షరసం కలిపి అప్పుడు చల్లటి సోడా పోస్తే రంగులోనూ, నురగలోనూ పెద్దగా తేడా తెలియదు. మిగిలిన గుజ్జుని ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తే కొన్ని వారాలు నిల్వ ఉంటుంది. తెరిచిన ప్రొసెకో మాత్రం అంత ఓపిక పట్టదు. గట్టి మూత పెట్టినా మర్నాటికి బుడగ పలచబడుతుంది.

పీచ్ బదులు స్ట్రాబెర్రీ గుజ్జు వేస్తే రొస్సీని, దానిమ్మ రసం పోస్తే తింతొరెత్తో. ఒకటి సంగీతకారుడి పేరు, ఇంకోటి మళ్లీ వెనిస్ చిత్రకారుడిదే. మామిడి గుజ్జుతో చేసేవాళ్లూ చాలామందే ఉన్నారు. చిప్రియాని పీచ్‌ని పిండించిన పద్ధతి రసాలు తినే ఇళ్లలో ఎవరికీ నేర్పక్కర్లేదు. పండుని చేతుల్లో మెత్తగా పిసికి, తొడిమ ఊడదీసి పిండటమే కదా! పీచు దిగకుండా జల్లెడ పట్టాలి. మామిడి వాసన పీచ్ కంటే మొండిది, చిక్కదనమూ ఎక్కువ. సగానికి సగం పోస్తే వైన్ జాడ తెలియదు. పెద్ద రసమైతే గ్లాసులో నాలుగో వంతు చాలు.