‘ఎక్కువ మందిని కనండి’ సరే, పీసీఓఎస్‌కు వైద్యం ఎక్కడ?

2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. జనాభా తగ్గిపోతోంది, ఎక్కువ మందిని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అంతకుముందు నుంచే చెబుతున్నారు. నిబంధన పోవడం మంచిదే. అది పేద కులాల అభ్యర్థులను చాలాకాలం పోటీకి దూరం పెట్టింది. కానీ పిల్లలు కావాలనుకుని కలగని ఆడవాళ్ల గురించి ఈ చర్చలో ఎవరూ మాట్లాడటం లేదు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. దశాబ్దాలుగా సర్కారు వైద్యం మన వాడల్లోకి ప్రధానంగా ఈ ఆపరేషన్ రూపంలోనే వచ్చింది. అదే ఆసుపత్రికి వెళ్లి ‘నాకు నెలసరి సరిగా రావడం లేదు’ అంటే మాత్రం ఒక ఐరన్ మాత్ర, ఒక చీటీ. స్కానింగ్ బయటే చేయించుకోవాలి.

ఆ నెలసరి సమస్య వెనుక ఎక్కువగా ఉండేది పీసీఓఎస్. జనం ‘పీసీఓడీ’ అంటారు, ‘గర్భసంచిలో నీటి బుడగలు’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో పునరుత్పత్తి వయసు స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంది. వారిలో 70 శాతం వరకు మందికి ఆ సంగతే తెలియదు. ఆ ‘బుడగలు’ గడ్డలు కావు, గర్భసంచిలో ఉండేవీ కావు. అండాశయంలో పూర్తిగా ఎదగక ఆగిపోయిన అండకోశాలు. అసలు సమస్య హార్మోన్లది. ఇన్సులిన్ సరిగా పనిచేయదు, పురుష హార్మోన్లు పెరుగుతాయి, అండం విడుదల కాదు. సన్నగా ఉన్నవారికీ రావచ్చు.

నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లు పెరిగిన లక్షణాలు (ముఖంపై వెంట్రుకలు, మొండి మొటిమలు వంటివి), స్కానింగ్‌లో కనిపించే మార్పు: ఈ మూడింటిలో రెండుంటే, వేరే జబ్బులు లేవని తేల్చుకున్నాక పీసీఓఎస్ అంటారు. మొదటి రెండూ ఉంటే స్కానింగ్ అవసరమే లేదు. రజస్వల అయిన తొలి ఎనిమిదేళ్లలో స్కానింగ్ చూసి నిర్ధారించకూడదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా పదహారేళ్ల పిల్లలకు స్కానింగ్ తీసి ‘నీకు పిల్లలు పుట్టరు’ అని భయపెట్టేవాళ్లున్నారు.

నిజానికి పీసీఓఎస్ వల్ల వచ్చే సంతానలేమి వైద్యానికి బాగా లొంగే రకం. మొదట వాడాల్సింది లెట్రోజోల్ మాత్రలు, నెలకు ఐదు రోజులు, డాక్టర్ పర్యవేక్షణలో. 2014లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 750 మందిని పరిశీలిస్తే, పాత మందు క్లోమిఫీన్‌తో 19 శాతం మందికి, లెట్రోజోల్‌తో 27 శాతానికి పైగా బిడ్డలు పుట్టారు. మన దేశంలో సంతానలేమికి ఈ మందు వాడకాన్ని 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. మాత్రలు పనిచేయకపోతే ఇంజెక్షన్లు, అవీ కుదరకపోతేనే ఐవీఎఫ్. మార్కెట్ ఈ వరుసను తలకిందులు చేసింది. కొన్ని రూపాయల మాత్రతో మొదలవ్వాల్సిన వైద్యం లక్షల ప్యాకేజీతో మొదలవుతోంది.

లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆయుష్మాన్ భారత్ సంతానలేమి చికిత్సను మినహాయింపుల జాబితాలో పెట్టింది. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ఐవీఎఫ్ కేంద్రం మొదలవడం మంచి అడుగు. అయితే ఎక్కువమందికి కావాల్సింది ఐవీఎఫ్ కాదు, ఊరికి దగ్గర్లో మాత్ర రాసి గమనించే డాక్టర్. ఆ ఖాళీని ఫెర్టిలిటీ సెంటర్లు నింపుతున్నాయి. సరోగసీ పేరుతో లక్షలు తీసుకుని పేదల దగ్గర కొన్న బిడ్డను ఒక జంటకు అప్పగించారని 2025 జూలైలో సికింద్రాబాద్‌లో నమోదైన కేసులో పోలీసుల ఆరోపణ. ఈ వ్యాపారంలో పేద స్త్రీ కొనలేని రోగి, లేదా అమ్ముడుపోయే శరీరం.

సంతానం కోరని వారికీ పీసీఓఎస్‌ను వదిలేయడం ప్రమాదమే. మధుమేహం ముప్పు పెరుగుతుంది. నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భాశయ పొర మందమై, క్యాన్సర్ ముప్పు ఏర్పడుతుంది. కొందరికి ఎడతెగని రక్తస్రావం, రక్తహీనత. మాత్రలతో అదుపయ్యే రక్తస్రావానికి గర్భసంచే తీసేసే అలవాటు మన రాష్ట్రాలది. నాలుగో సర్వేలో దేశ సగటు 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం స్త్రీలకు గర్భసంచి తీసేశారు. అనవసరపు ఆపరేషన్లపై మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అట్టడుగు కులాల స్త్రీలు బలయ్యారన్నదే ఆ పిటిషన్.

‘బరువు తగ్గు, అన్నం తగ్గించు, కూరగాయలు, పండ్లు, గుడ్లు తిను’ అన్న సలహా శాస్త్రీయంగా సరైనదే. కానీ రేషన్ బియ్యమే కడుపు నింపే ఇంట్లో అన్నం తగ్గిస్తే ఆ చోట ఏం పెట్టాలి? రేషన్‌లో పప్పు, చిరుధాన్యాలు ఇవ్వకుండా ఈ సలహా ఇవ్వడమంటే తప్పును రోగి మీదికి నెట్టడమే.

నింద అక్కడితో ఆగదు. సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో మగవారి వైపు కారణం ఉంటుంది. వీర్య పరీక్ష తేలికైనది, చవకైనది. అయినా ‘గొడ్రాలు’ అన్న మాటకు మగవాడికి సరిసమానమైన తిట్టు లేదు. రెండో పెళ్లి బెదిరింపూ ఆమెకే.

కాబట్టి అడగాల్సినవి స్పష్టం. మధుమేహ పరీక్షలు ముప్పై ఏళ్లు దాటినవారికే అని ఆగకుండా, నెలసరి తప్పుతున్న యువతులకూ చేయాలి. ఆశా కార్యకర్తలు నెలసరి గురించి అడగాలి. ఏరియా ఆసుపత్రుల్లో స్కానింగ్, లెట్రోజోల్, మెట్‌ఫార్మిన్, వీర్య పరీక్ష ఉచితంగా ఉండాలి. ఆరోగ్య బీమాలో సంతానలేమి చేరాలి. ఎవరికి వైద్యం అందింది, ఎవరికి గర్భసంచి తీసేశారు అన్న లెక్కలు కులం వారీగా బయటపెట్టాలి.

1938లో బొంబాయి శాసనసభలో అంబేద్కర్ పార్టీ జనన నియంత్రణ సౌకర్యాలు కల్పించాలని తీర్మానం పెట్టింది. వద్దనుకునే హక్కు ఎంత ముఖ్యమో, కావాలనుకునే హక్కూ అంతే. రెండింటిలోనూ నిర్ణయం ఆమెది. వైద్యం అందించాల్సింది ప్రభుత్వం.