మురుగు మడ్డి, వంటగ్యాసు, మంజీర



మురుగునీటిని శుద్ధిచేయగా అడుగున మిగిలే మడ్డినుండి వంటగ్యాసు తీయవచ్చునన్న మాట యీమధ్య తరచు వినబడుచున్నది. మాట సత్యమే, కొత్తది మాత్రము కాదు. బొంబాయి మాటుంగాలోని కుష్ఠరోగుల ఆశ్రమములో 1897లోనే మానవమలమునుండి గ్యాసు తీసినారు. హైదరాబాదు అంబరుపేటలో రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగునీటిని గాలి సోకని తొట్లలో శుద్ధిచేయుటకు కర్మాగారము కట్టినారు. గాలి లేనిచోట సూక్ష్మజీవులు మలినమును తిని గ్యాసును విడుచును. గోబరుగ్యాసు సూత్రమును అదే.

అయితే సగరోళివంటి వూరికి యీ లెక్క యెట్లుండునో చూడవలెను. ఒక మనిషి మలమునుండి రోజుకు సుమారు ఒక ఘనపుటడుగు గ్యాసు వచ్చునని అంచనా. వెయ్యిమందికి వెయ్యి ఘనపుటడుగులు, అనగా 28 ఘనపు మీటర్లు. నలుగురైదుగురున్న యింటి వంటకు రోజుకు సుమారు 2 ఘనపు మీటర్లు కావలెను. వెయ్యిమందినుండి పదునాలుగిండ్ల పొయ్యిలు వెలుగునన్నమాట. కాబట్టి వూరంతటికి ఉచితముగా గ్యాసు వచ్చునని గ్రామసభలో ఎవరు చెప్పినను నమ్మరాదు.

అట్లని పథకమును త్రోసిపుచ్చుట తగదు. అసలు లాభము మంజీరకు కలుగును. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైన తరువాత పల్లెలలో మరుగుదొడ్లు పెరిగినవి. సంతోషమే. కాని నిండిన సెప్టిక్ ట్యాంకును తోడిన ట్యాంకరు ఆ మడ్డిని యే వాగులోనో వదలినచో, వానకాలములో అది నదికే చేరును. 1956లో నాందేడ్ ఒక రాష్ట్రమునకు, బోధన్ మరొక రాష్ట్రమునకు పోయినవి గాని మంజీర రెండు కాలేదు. మనము కలిపిన మలినము ఆవలి వొడ్డు బంధువులకును తప్పదు.

ఇండ్లన్నిటికి గొట్టములు వేయుటకు ముందు, వసతిగృహములతో ఆరంభించుట మేలు. మూడువందలమంది పిల్లలున్నచోట మలము, వంటశాల వ్యర్థము ఒకేచోట దొరకును. కొంత పేడ కలిపిన గ్యాసు పెరుగును. వాడు పొయ్యియు అక్కడనే యుండును.

ఇందుకు మూడు నిబంధనలు ఉండవలెను. మొదటిది, గోతిలోనికి మనిషిని దింపరాదు. ఆ విషవాయువు క్షణములలో ప్రాణము తీయును. ఇట్టి పనిని 2013 చట్టము నిషేధించినది. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు 30 లక్షల రూపాయలు ఇయ్యవలెనని సుప్రీంకోర్టు 2023లో ఉత్తరువు చేసినది. రెండవది, గ్యాసు తీయగా మిగిలిన మడ్డిలోను ఏలికపాముల గ్రుడ్లు బ్రతికియుండును. దానిని ఎండబెట్టి, చెత్తతో కలిపి బాగుగా మాగనిచ్చిన పిమ్మటనే పొలమునకు తోలవలెను. పచ్చిగా తిను కూరలకు వేయనేరాదు. మూడవది, నిర్వహణకు ప్రత్యేకముగా పద్దు ఉండవలెను. సర్కారు కచేరీలో పద్దులు వ్రాసిన వానిగా చెప్పుచున్నాను: కట్టుటకు మంజూరు దొరకును, కట్టినదానిని నడుపుటకు దొరకదు. ఎన్నో గోబరుగ్యాసు డ్రమ్ములు తుప్పుపట్టి మూలబడినది ఇందుచేతనే.

ఆ గ్యాసుపై వండిన అన్నము తినుట ఎట్లని మన పెద్దలు కొందరు సంకోచింతురు. పేడతో అలికిన నేలపై పీట వేసుకొని భోజనము చేసినవారము మనము. పిడకల మంటపై పాలు కాచుకొన్నవారము. సరిగా మండిన గ్యాసుకు వాసన యుండదు. అన్నమునకు అంటునదియు ఏమియు లేదు. మలినమును తాగునీటిలోనికి పోనిచ్చుటకంటె పొయ్యిలో మండించుట శుచి కాదా?

వచ్చే గ్రామసభలో ఖర్చు అంచనాతోపాటు ఏటేటి నిర్వహణ వ్యయమును ఎవరు భరింతురో వ్రాతపూర్వకముగా చెప్పుమని సర్పంచిగారిని మనవారందరు అడుగవలెనని కోరుచున్నాను. ఆ సమాధానము వచ్చిన పిదపనే చేతులెత్తుదము.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
సగరోళి (నాందేడ్ జిల్లా)