బ్యాటు బలం: లెక్క వేరు, కొలత వేరు

మన తెలుగు కుటుంబాలలో చాలావాటిలో రెండు ఆటలు కలిసి కాపురం చేస్తున్నవి. పెద్దలది క్రికెట్టు, పిల్లలది బేస్‌బాల్. వాన్ నగరంలోని మా ఇల్లు ఇందుకు మినహాయింపు కాదు. ఏటా పెరటిలో మంచు పేరుకొనే వేళకు మా అబ్బాయి ఒక జాబితా పట్టుకొని కూర్చుంటాడు. టొరంటో బ్లూ జేస్ జట్టు రాబోయే సంవత్సరానికి ఏ ఆటగాడిని తెచ్చుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది అందులోని విషయం. “నాన్నా, మనకు ఇంకొక పవర్ హిట్టర్ కావాలి” అన్నది వాడి నిత్య పల్లవి. “బలమని దేనిని అంటున్నావురా? దానిని దేనితో కొలిచినావు?” అన్నది వృత్తిరీత్యా రసాయన పరిశోధకుడనైన నా ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూ మేమిద్దరం గడిపిన సాయంత్రాల ఫలితమే ఈ వ్యాసం.

ఈ ఆటతో పరిచయం లేని పాఠకులకు రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. బంతిని కొట్టి బ్యాటర్ ఒక బేస్ చేరితే సింగిల్, రెండు చేరితే డబుల్, మూడు చేరితే ట్రిపుల్. బంతి గోడ దాటితే హోమ్ రన్, అనగా మన సిక్సరుకు అన్నగారు. బ్యాటింగు సగటు వీటన్నిటినీ సమానంగా చూస్తుంది. స్లగ్గింగ్ సగటు మాత్రం సింగిల్‌కు 1, డబుల్‌కు 2, ట్రిపుల్‌కు 3, హోమ్ రన్‌కు 4 చొప్పున విలువ కట్టి, ఆ మొత్తాన్ని బ్యాటింగు అవకాశాల సంఖ్యతో భాగిస్తుంది. స్లగ్గింగ్ సగటు నుండి బ్యాటింగు సగటును తీసివేస్తే మిగిలేదే విడిగా తీసిన బలం. విశ్లేషణ రసాయనంలో మిశ్రమం నుండి ఒక పదార్థాన్ని వేరుచేయటం వంటిదే ఈ తీసివేత. ఈ ఆలోచనను 1954లో బ్రాంచ్ రికీ పేరిట లైఫ్ పత్రికలో వెలువడిన వ్యాసం లోకానికి పరిచయం చేసినది. దాని వెనుకనున్న గణకుడు ఆలన్ రాత్ మన కెనడాలోని మాంట్రియాల్ నగరంలో జన్మించినవాడే.

అయితే ఈ సంఖ్యలన్నీ లెక్కింపులే గాని కొలతలు కావు. లెక్కింపు ఫలితాన్ని చెబుతుంది. కొలత కారణాన్ని సమీపిస్తుంది. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో జన్మించిన కొట్టారి కనకయ్య నాయుడుగారు 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసినారు. ఆ పదకొండు అన్న లెక్క మనకు మిగిలినది. ఆ బంతులు బ్యాటును ఎంత వేగంతో వీడినవో మాత్రం ఎవరూ చెప్పలేరు. గోడను అంగుళం తేడాతో దాటిన బంతి, వీధి అవతల పడిన బంతి లెక్కలో ఒక్కటే.

2015 నుండి అమెరికా మేజర్ లీగు మైదానాలన్నిటిలో స్టాట్‌కాస్ట్ అనే సాధనసముదాయం బ్యాటును వీడిన క్షణంలో బంతి వేగాన్నీ, ఎగసిన కోణాన్నీ నమోదు చేస్తున్నది. గంటకు 95 మైళ్ళు, ఆపైన వేగం ఉంటే దానిని గట్టి దెబ్బగా పరిగణిస్తారు. బంతి బరువు సుమారు 145 గ్రాములు. 95 మైళ్ళ వేగంలో దాని గతిజశక్తి సుమారు 131 జౌళ్ళు, 105 మైళ్ళ వేగంలో సుమారు 160 జౌళ్ళు. వేగం పదింట ఒక వంతు పెరిగితే శక్తి అయిదింట ఒక వంతుకు మించి పెరుగుతున్నది. పాఠశాలలో బట్టీయం పట్టిన సూత్రం మా అబ్బాయికి ఆనాడు మొదటిసారి నచ్చినది.

ఇక ఆటగాళ్ళ కొనుగోలు విషయానికి వద్దాము. 2025 జనవరిలో బ్లూ జేస్ జట్టు ఆంథొనీ శాంటాండర్‌తో అయిదేళ్ళకు 9 కోట్ల 25 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకొన్నది. అంతకు ముందటి సంవత్సరం అతడు బాల్టిమోర్ జట్టుకు ఆడుతూ 44 హోమ్ రన్లు కొట్టినాడు. స్లగ్గింగ్ సగటు 0.506, బ్యాటింగు సగటు 0.235, తీసివేయగా మిగిలిన బలం 0.271. అదే సంవత్సరం మన జట్టు ప్రధాన బ్యాటర్ వ్లదిమీర్ గెరెరో జూనియర్‌కు ఆ సంఖ్య 0.221 మాత్రమే. “చూశావా నాన్నా, గెరెరో కంటె బలవంతుడు వచ్చాడు” అని మా అబ్బాయి సంబరపడినాడు.

నేను కాగితం తీసుకొన్నాను. అరుదైన సంఘటనలను లెక్కించేటప్పుడు ఆ సంఖ్య యొక్క వర్గమూలం మేరకు అటూ ఇటూ ఊగిసలాట సహజమని ప్రయోగశాలలో మేము నేర్చుకొంటాము. 44కు వర్గమూలం 7కు కొంచెం తక్కువ. అనగా అదే బలం, అదే నైపుణ్యం గల ఆటగాడు మరొక సంవత్సరం 37 కొట్టినా, 51 కొట్టినా ఆశ్చర్యపడనవసరం లేదు. శాంటాండర్ 2022లో 33, 2023లో 28 కొట్టినాడు. మూడేళ్ళ సగటు 35. 33కు, 44కు నడుమనున్న భేదాన్ని ఒక రసాయన ఫలితంగా పంపితే ఏ పత్రికా సంపాదకుడూ “ఇది కొత్త విషయమే” అని అంగీకరించడు. కనుక 44 అనే ఒక్క సంవత్సరపు అంకెకు గాక, 35 అనే సగటుకు వెల కట్టటమే వివేకమని నా అభిప్రాయం.

2025లో భుజం గాయం వలన అతడు 54 ఆటలకే పరిమితమై 6 హోమ్ రన్లు మాత్రమే కొట్టగలిగినాడు. ఇది ఎవరి తప్పూ కాదు. కాని ఆ 6 చూచి అతడిని బలహీనుడనటం ఎంత పొరపాటో, 44 చూచి మహాబలుడనటం అంతే పొరపాటు.

గెరెరో సంగతి చూడండి. 2021లో 48 హోమ్ రన్లు, తరువాత వరుసగా 32, 26, 30. లెక్కను మాత్రమే నమ్మేవారికి ఇది పతనం. కాని అతడి బ్యాటును వీడిన బంతుల వేగం ఆ సంవత్సరాలలోనూ లీగులో అగ్రశ్రేణిలోనే నిలిచినది. 2025 ఏప్రిల్‌లో జట్టు అతడికి 14 ఏళ్ళకు 50 కోట్ల డాలర్లు ఇచ్చుటకు అంగీకరించినది. ఆ సంవత్సరం సాధారణ పోటీలలో 23 హోమ్ రన్లు కొట్టినవాడు చివరి పోటీలలో 8 కొట్టి, జట్టును వరల్డ్ సిరీస్ ఏడవ ఆట వరకు నడిపించినాడు. లెక్క తగ్గినంత మాత్రాన కారణం నశించలేదన్నమాట.

కొలతకు పరిస్థితులు కూడా ముఖ్యం. డెన్వర్ నగరం సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి పలుచని గాలిలో బంతి ఎక్కువ దూరం పోతుంది. పైగా బంతి లోపల చుట్టినది ఉన్ని దారం. పొడిగాలిలో ఉన్ని తేమను కోల్పోతే బంతి తేలికపడి మరింతగా ఎగురుతుంది. అందుచేత 2002 నుండి అక్కడ బంతులను తేమ నియంత్రించిన గదిలో భద్రపరుస్తున్నారు. 2022 నాటికి మొత్తం 30 మైదానాలకూ ఈ ఏర్పాటు వచ్చినది. తేమను అదుపులో పెట్టకుండా తూకం వేయకూడదని మొదటి సంవత్సరం రసాయన విద్యార్థికి చెప్పే పాఠమే ఇది. డెన్వర్‌లో కొట్టిన హోమ్ రన్లను టొరంటోకు యథాతథంగా దిగుమతి చేసుకోలేము.

అయితే కొలతే సర్వస్వమా? కాదు. హోసే బౌటిస్టా కథ ఇందుకు సాక్ష్యం. 2004 ఒక్క సంవత్సరంలోనే అతడు అయిదు జట్ల చేతులు మారినాడు. 2008 ఆగస్టులో పిట్స్‌బర్గ్ నుండి పెద్ద వెల ఏమీ లేకుండానే టొరంటో చేరినాడు. 2009లో అతడి హోమ్ రన్లు 13. అప్పటి శిక్షకులు సీటో గాస్టన్, డ్వేన్ మర్ఫీ అతడిలో లోపం బలంలో లేదనీ, బ్యాటు కదలిక ఆలస్యంగా ఆరంభం కావటంలో ఉన్నదనీ గుర్తించి, ముందుగా కదలమని నేర్పినారు. 2010లో అతడు 54 హోమ్ రన్లు కొట్టినాడు. బలం అతడిలో ఉన్నది. దానిని వెలికితీసే పరిస్థితి లేదు, అంతే. రసాయన చర్యలలో ఉత్ప్రేరకం చేసే పని కూడా ఇదే గదా! ఉత్ప్రేరకం కొత్త శక్తిని తెచ్చిపెట్టదు, ఉన్నదానికి దారి చూపుతుంది.

ఆ సంవత్సరం నాకు మరపురానిది. డాక్టరేటు పట్టా చేతబట్టుకొని 2009లో ఈ దేశం వచ్చిన నాకు, “కెనడా అనుభవం” అనే ఒక్క గడిలో సున్న ఉన్నదన్న కారణాన ఏ తలుపూ తెరుచుకోలేదు. అద్దె ఇంటిలో పాత టెలివిజను ముందు కూర్చుని, ఎవరూ కోరని ఆ ఆటగాడు బంతిని గోడ దాటిస్తుంటే నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. ఆట నియమాలు కూడా నేను అప్పుడే నేర్చుకొన్నాను.

తరువాతి మాట చెప్పటానికి కొంత సిగ్గుగా ఉన్నది. కొన్నేళ్ళ క్రితం మా ప్రయోగశాలలో ఒక ఉద్యోగానికి అభ్యర్థులను ఎంపిక చేసే బాధ్యత నాపై పడినది. ఒక యువతి దరఖాస్తులో ఒకే ఒక సెమిస్టరులోని తక్కువ మార్కులు చూచి దానిని పక్కన పెట్టినాను. రెండేళ్ళ తరువాత ఒక సదస్సులో ఆమె ప్రసంగాన్ని వెనుక వరుసలో కూర్చుని విన్నాను. మేము ఏడాదిపాటు తంటాలుపడి వదిలివేసిన సమస్యను ఆమె చక్కగా సాధించినది. ఒక్క అంకెతో తిరస్కరింపబడిన బాధ తెలిసి కూడా, కుర్చీ మారగానే నేను చేసినది అదే.

కనుక ఆటగాడిని ఎంచుకొనేవారికైనా, ఉద్యోగిని ఎంచుకొనేవారికైనా, పిల్లల మార్కుల పత్రం చేతిలోకి తీసుకొనే తల్లిదండ్రులకైనా నా మనవి ఒక్కటే. ఈ సంఖ్య ఫలితాన్ని లెక్కించినదా, సామర్థ్యాన్ని కొలిచినదా? ఎన్నిసార్లు, ఏ పరిస్థితులలో? ఏ ఒక్క మార్పు చేస్తే ఈ సంఖ్య మారగలదు? ఈ మూడు ప్రశ్నలు అడిగిన పిదపనే తీర్పు చెప్పాలి. మొదటి రెండింటికి సాధనాలు సాయపడగలవు. మూడవదానికి మాత్రం ఎదుటి మనిషిని ఓపికగా గమనించే గాస్టన్, మర్ఫీల వంటి కన్ను కావలసి ఉన్నది.

ఈ వేసవిలో వాన్ మెట్రోపాలిటన్ సెంటర్‌లో సబ్‌వే ఎక్కి మైదానానికి వెళ్ళే తల్లిదండ్రులు తిరుగు ప్రయాణంలో పిల్లలను ఎవరెన్ని హోమ్ రన్లు కొట్టారని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. “ఎందువలన కొట్టగలిగినాడు?” అని కూడా అడగండి. విజ్ఞానశాస్త్రం ఆ రెండవ ప్రశ్నతోనే మొదలవుతుంది.