భీము వేషము ఎవరికి?



పత్తి తీతకు ఇంకా కొన్ని దినములుండగా, ఆశ్వయుజ పౌర్ణమి దగ్గరపడుతుంటే మా ఆసిఫాబాదు ప్రాంతములో అందరి నోటా జోడేఘాట్ మాటే వినిపిస్తుంది. కెరమెరి గుట్టల దారిన జీపులు, ఆటోలు, ట్రాక్టర్లు జనముతో నిండి పోతుంటవి. 1940లో నైజాము పోలీసుల తూటాలకు కొమురం భీము ఒరిగిపోయిన చోటు అది. ప్రతి సంవత్సరము ఆ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుగుతుంది. 2016లో ఏర్పడిన మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఇప్పుడక్కడ ఆయన విగ్రహము, మ్యూజియము ఉన్నవి.

గత సంవత్సరము ఆ దినములలోనే మా గ్రామములోని కుటుంబములు ఒక పని తలపెట్టినవి. "అయ్యగారూ, క్రిస్మసుకు ప్రతిసారి నాటకం ఏస్తనే ఉన్నం. ఈసారి మన జిల్లా కథ ఏద్దం" అని యువకులు వచ్చి అడిగారు. మాకు సంతోషమైనది. సెలవు వచ్చినదంటే చాలు పిల్లలు తలా ఒక ఫోను పట్టుకొని తలా ఒక మూలకు పోతున్నారు. తాత, తండ్రి, మనుమడు కలిసి చేసే పని ఒకటి దొరికినదని తలంచి సరేనన్నాము. గొర్రెల కాపరుల తువ్వాళ్ళు, జ్ఞానుల అట్ట కిరీటములు దాచిన ట్రంకు పెట్టె తెరిచాము. కిరీటములు ఎలుకలు కొట్టినవి గాని తువ్వాళ్ళు తలపాగాలకు పనికి వచ్చినవి.

ఇటువంటి వేడుక దూర దేశములలో పెద్ద ఎత్తున ఉన్నది. అమెరికాలో తల్లిదండ్రులు, పిల్లలు కలిసి రెండు మూడు వందల సంవత్సరముల నాటి బట్టలు తామే కుట్టుకొని, కట్టెల పొయ్యి మీద వండుకొని, ఆనాటివారివలె సెలవు దినములు గడిపే కుటుంబములున్నవి. వర్జీనియా రాష్ట్రములో విలియమ్స్‌బర్గ్ అనే ఊరిని 1926 మొదలుకొని, బ్రిటిషువారి పాలనలో ఎట్లుండెనో అట్లే తిరిగి కట్టారు. అక్కడ కమ్మరి కొలిమి ఊదుతాడు, వడ్రంగి చిత్రిక పడతాడు, ఆనాటి దుస్తులలో ఉన్న స్త్రీ వచ్చినవారితో ఆనాటి మాటలే మాట్లాడుతుంది. చూచుటకు ముచ్చటైన ఊరు. అయితే ఆ కాలములో ఆ ఊరి జనములో సుమారు సగము మంది నల్లజాతి వారు, వారిలో బహుమంది బానిసలు. ఎన్నో సంవత్సరములు ఆ వేడుకలో వారి కథ కనబడనే లేదు. 1979లో గాని నల్లజాతి కథకులు వారి కథ చెప్పుట మొదలు పెట్టలేదు. 1994లో బానిసల వేలమును నటించి చూపబోతే పెద్ద గొడవ అయినది. మా పెద్దల దుఃఖమును తమాషా చేస్తారా అని కొందరు అడ్డుపడ్డారు. చూచిన తరువాత వారిలో ఒకరిద్దరు, ఇది చూపవలసినదే అని మనస్సు మార్చుకున్నారు. పాత కాలపు వేషము వేయుట తేలిక. ఎవరి వేషము ఎవరు వేస్తారు, ఎవరి కథ విడిచిపెడతారు అన్న దగ్గరనే చిక్కు వస్తుంది. ఈ సంగతి మేము పుస్తకములో చదివియుండి కూడ మా ఇంటి ముంగిట దానినే తప్పాము.

జరిగినది చెప్తాము. వేషములు పంచే సాయంత్రము ఇరవై మందికి పైగా పిల్లలు కూడారు. అందరికీ భీము వేషమే కావాలి. పోలీసు వేషము, అడవి గార్డు వేషము ఎవరికీ వద్దు. మా వీధి చివర దర్జీ ఇంటి పిల్లవాడు, పదకొండేళ్ళవాడు, మా పిల్లలతోనే బడికి పోతాడు, మా ఇంట్లోనే సగము దినము ఉంటాడు. వాడు చెయ్యెత్తి "నేను భీమ్ అయిత" అన్నాడు. వెంటనే ఇంకొకడు, "నువ్వెట్లయితవ్‌రా? నువ్వు సాయిబుల పిలగానివి. నువ్వు నైజాము పోలీసువే" అన్నాడు. అందరూ నవ్వారు. పోలీసు వేషమునకు మనిషి దొరికినాడు గదా అన్న తొందరలో మేమును తల ఊపి, ఆ పేరు ఎదుట 'పోలీసు' అని వ్రాసుకున్నాము. వాడు ఏమీ అనలేదు. నాటకమునకు ఖాకీ చొక్కాలు కుడుతున్నది వాని తండ్రే. కొలతల కొరకు వచ్చి తలుపు దగ్గర నిలిచియున్నాడు. అంతా విన్నాడు. ఆయనా ఏమీ అనలేదు.

మరునాడు వాడు రిహార్సలుకు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మూడవ దినమున కుట్టిన చొక్కాలు మడత పెట్టి, ఇంకొక పిల్లవానిచేత పంపించారు. కూలి ఎంతని అడిగిస్తే "ఏం వద్దు" అని జవాబు వచ్చినది. ఆ రాత్రి మాకు అన్నము సయించలేదు. మా యింటివారు ఒక్క మాటే అన్నారు: "వాడు మీ ఎదుట నిలబడి అడిగిండు. మీరు వాని పేరు జూసిండ్రు గని వాన్ని జూడలే."

తెల్లవారి వారి ఇంటికి వెళ్ళాము. మిషను ఆపి కుర్చీ వేశారు. "భాయ్, తప్పు మాది" అన్నాము. ఆయన కాసేపు దారము చుట్టుకుంటూ ఉండి, "పాస్టర్ సాబ్, మా తాత కూడ అడవి గార్డుకు మామూలు ఇచ్చినోడే. కట్టెలకు పోతే గొడ్డలి గుంజుకున్నరట. మా పిల్లగానికి ఆ కథ తెలుసు. అందుకే భీమ్ అయితనన్నడు" అని చెప్పారు. మేము తల వంచుకొని విన్నాము.

ఆ తరువాత నాటకమును మొదటినుండి మళ్ళీ చూచుకున్నాము. పిల్లలకు కథ చెప్పేటప్పుడు మనము తొందరపడి ఒక వైపు మంచివారిని, ఒక వైపు చెడ్డవారిని నిలబెడతాము. చెడ్డవారి వైపు ఎవరి పొరుగింటివారు పడుచున్నారో చూడము. భీము పోరాడినది దేనితో? అడవిని రిజర్వు చేసి, తాతల నాటి పోడు భూములనుండి గోండులను, కోలాములను వెళ్ళగొట్టిన చట్టముతో. పశువులు మేపుకొన్నందుకు, కట్టె తెచ్చుకొన్నందుకు బంబ్రాం, దూపపెట్టి అనే పేర్లతో గుంజిన పన్నులతో. దాని వెనుక నైజాము సర్కారు ఉన్నది, ఆ సర్కారు మీద బ్రిటిషు రెసిడెంటు ఉన్నాడు. క్రింద వసూలు చేసిన పట్వారీలలో, షావుకార్లలో, గార్డులలో అన్ని కులములవారు, అన్ని మతములవారు ఉన్నారు. భీము జాడ పోలీసులకు చెప్పినవాడు బయటివాడు కాడనియే జనము చెప్పుకొంటారు. ఇంకొక వైపు చూడండి. రజాకార్లకు ఎదురుగా తన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్‌లో వ్రాసి, 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో ప్రాణము పోగొట్టుకున్న షోయబుల్లా ఖాన్ ఎవరు? అల్లూరి సీతారామరాజు కథను ఊరూర బుర్రకథగా చెప్పి తెలుగువారిని ఏడ్పించిన షేక్ నాజర్ ఎవరు? 1986లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఈ పేర్లను మా పిల్లలు మొదటిసారి విన్నారు. మా చేత వినిపించినది ఆ దర్జీ గారి మౌనమే.

బుర్రకథ ప్రస్తావన వచ్చినది గనుక ఒక సలహా. నాటకము వేయలేని కుటుంబములు దీనిని ప్రయత్నించవచ్చును. కథకుడొకరు, ఇరువైపుల వంతలిద్దరు. ఒక వంత కథను నేటి సంగతులతో కలుపుతాడు, రెండవవాడు నవ్విస్తాడు. ఇంట్లో తాత కథ చెప్తే, తండ్రి ఒక వంత, చిన్నవాడు ఒక వంత. మా గ్రామములో ఒక ఇంటిలో అవ్వ కథకురాలై, మనుమరాలు స్టీలు బిందె మీద దరువు వేస్తే, మేము వెళ్ళిన పని మరచి గంటసేపు కూర్చున్నాము. మన గోండు సోదరులకు దీనికంటె పాత పద్ధతి ఉన్నది. తోటివారు, పర్ధానులు కికిరి అనే తీగ వాద్యము వాయిస్తూ, గోండుల దేవతల కథలను, వంశముల కథలను రాత్రులు పాడుతారు. చదువు రానివారి గ్రంథాలయము వారే. ఇప్పుడు కికిరి వాయించేవారు కొద్దిమందే మిగిలారు.

ఆ గోండుల విషయములోనే మేము రెండవ తప్పు చేశాము. మొదటిదానివలె మనస్సు నొచ్చేది కాదు గాని చెప్పకుండ ఉండలేము. భీము వేషమునకు యువకులు పెద్ద నెమలి ఈకల టోపీ తయారు చేశారు. ముఖములకు మసి కూడ పూయబోతే, "మన పిల్లలేమన్న దొరల పిల్లలా, మళ్ళీ నల్లరంగు ఎందుకు?" అని మా యింటివారు గిన్నె గుంజుకున్నారు. టోపీ మాత్రము నిలిచినది. రిహార్సలు చూచుటకు కెరమెరి వైపునుండి వచ్చిన ఒక గోండు పెద్దను పిలిచాము. ఆయన అంతా ఓపికగా చూచి, "పోలీసులతో కొట్లాడెటోడు గుస్సాడి టోపీ పెట్టుకుంటడా?" అని అడిగారు. అందరము మొగములు చూచుకున్నాము. ఆ టోపీ దీపావళి ముందు దండారి దినములలో, గుస్సాడీలు మాత్రమే నియమముతో ధరించేదట. ఊరికే పెట్టుకొనేది కాదు, క్రింద పెట్టేది కాదు. మార్లవాయికి చెందిన గుస్సాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు పేపరులో ఆ టోపీని చూచి, గోండులంటే ఇదే దుస్తులు అనుకున్నాము. ఒక ధోవతి, ఒక తలపాగా చాలునని ఆ పెద్ద చెప్పారు. మన ట్రంకు పెట్టెలోని తువ్వాలు!

ఎవరి కథ చెప్తున్నామో వారిలో ఒకరినైనా ముందుగా పిలిచి చూపించుట మంచిదని అప్పుడు తెలిసినది. మార్లవాయిలో హైమెండార్ఫ్ దొర చేసినదీ ఇదే గదా. భీము మరణము తరువాత గోండుల స్థితి తెలిసికొనుటకు నైజాము ప్రభుత్వము పంపగా వచ్చిన ఆ ఆస్ట్రియా దేశస్థుడు భార్య బెట్టితో అక్కడ గుడిసె వేసికొని, వారి నోటనే విని వ్రాసికొన్నాడు. వారికి భూమి పట్టాలు, గోండు భాషలో చదువు కావాలని సర్కారుకు చెప్పాడు. 1987లో మరణించిన బెట్టి సమాధి మార్లవాయిలోనే ఉన్నది. మీ పిల్లలను ఒకసారి తీసుకువెళ్ళండి.

తేదీల విషయములో ఒక మాట. భీము చనిపోయిన దినము ఏదని పిల్లలు అడిగితే పుస్తకములు ఏకముగా చెప్పవు. కొన్ని సెప్టెంబరు అంటవి, కొన్ని అక్టోబరు అంటవి. గోండులు పౌర్ణమి అంటారు. మేము నాటకములో ఈ మూడు మాటలనూ చెప్పించాము. పిల్లలకు అయోమయముగా ఉంటుందని ఒక ఉపాధ్యాయుడు అన్నారు. ఉండనివ్వండి. అడుగుతారు, వెదుకుతారు.

మన సంఘముల చరిత్ర చెప్పేటప్పుడు కూడ ఇదే జాగ్రత్త కావాలి. మెదకు దేవాలయము కథ మన ఇండ్లలో తెలియనివారు లేరు. పోస్నెట్ దొరగారు 1914లో మొదలు పెట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించారు. కరువులో పని కల్పించి అన్నము పెట్టారని చెప్పుకొంటాము. అయితే మన పిల్లలు ఆ కథను ఆడినప్పుడు అందరూ టోపీ పెట్టుకొని దొర కావాలనే అంటారు. తట్ట ఎత్తిన తల్లి వేషము ఎవరికీ వద్దు. మా నాయనమ్మ వైపువారు తట్టలు మోసినవారే గాని దొరలు కారు. వచ్చే సంవత్సరము ఆ తట్టల మీదనే ఒక కథ కట్టాలని యువకులకు చెప్పియున్నాము.

నాటకము సంగతి ముగిస్తాము. వేషములన్నిటిని చీటీలు వేసి మళ్ళీ పంచాము. ఎవరికి వచ్చినది వారు వేయవలసినదే, పేరు చూచేది లేదు. దర్జీ గారి అబ్బాయి తిరిగి వచ్చాడు. వానికి భీము వేషము వచ్చియుంటే కథ బాగుండునని మీరు అనుకుంటారు. వానికి ఎద్దు వచ్చినది, అందులోను ఎద్దు ముందు సగము. పన్ను కట్టలేదని గార్డు ఎద్దును తోలుకుపోయే రంగములో వాడు గార్డును కుమ్మి క్రింద పడవేస్తే కూర్చున్న జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. అది వ్రాసిన నాటకములో లేదు. భీముగా ఒక ఆడపిల్ల వేసినది. తలపాగా రెండుసార్లు ఊడినది.

పోలీసు అమీను చీటీ తెరిచినది మేమే. ఖాకీ చొక్కా పిల్లల కొలతకు ఉన్నది. కొలతలకు మళ్ళీ దర్జీ గారి వద్దకే పోవలసి వచ్చినది. టేపు మా నడుము చుట్టూ త్రిప్పి, "పాస్టర్ సాబ్, నైజాం పోలీసుకు గింత పొట్ట ఉండెనా?" అని అడిగారు. ఈసారి కూలి తీసుకున్నారు.