పేరుపేరున లెక్క



ఈ నెల మనము లెక్కలను గూర్చి మాట్లాడుకొందాము. లెక్కలు బడిపిల్లలకు గదా, మాకెందుకు అనవద్దు. మన బైబిలులో ఒక గ్రంథమునకు సంఖ్యాకాండము అనియే పేరు. సీనాయి అరణ్యములో జనులను లెక్కింపుమని దేవుడు మోషేకు చెప్పినప్పుడు తలలు మాత్రమే లెక్కపెట్టలేదు. కుటుంబము కుటుంబముగా, పేరుపేరున వ్రాయించాడు. తరువాత దావీదు రాజు కూడా జనులను లెక్కించాడు. ఆ లెక్క దేవునికి నచ్చలేదు. రెండూ లెక్కలే. ఒకటి మందను కాచుకొనుటకు చేసినది, మరియొకటి తన బలము చూచుకొని అతిశయించుటకు చేసినది.

మన పల్లెలనుండి పరదేశము వెళ్ళిన బిడ్డలను మనము ఏ లెక్కలో వ్రాసుకొన్నాము? ఈ ప్రశ్న మమ్మును కొన్ని సంవత్సరములుగా విడువలేదు. అందుకే వ్రాయుచున్నాము.

ముందు డబ్బు లెక్క చూద్దాము. పరదేశములలో పనిచేయువారు ఇంటికి పంపే సొమ్ములో మన దేశమే ప్రపంచములో మొదటిది. 2024లో మన దేశమునకు వచ్చిన సొమ్ము సుమారు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. రిజర్వు బ్యాంకువారు 2023-24 సంవత్సరమునకు జరిపిన సర్వే ప్రకారము ఆ సొమ్ములో నూటికి 8 రూపాయలు ఒక్క తెలంగాణకు వచ్చినవి. మహారాష్ట్ర, కేరళ, తమిళనాడుల తరువాత నాలుగవ స్థానము మనదే. ఇందులో అమెరికాలోని చదువుకొన్న పిల్లలు పంపినది కూడా ఉన్నది. దేశము మొత్తము మీద చూస్తే ఆరు గల్ఫ్ దేశములనుండి వచ్చినది నూటికి 38 వంతులు. అంటే ఎండలో ఇటుకలు మోసినవాని చెమట ఇందులో తక్కువేమీ కాదు.

డబ్బు లెక్క ఇంత చక్కగా ఉన్నది. మరి మనుష్యుల లెక్క?

గల్ఫ్‌లో మన పిల్లలతోపాటు పనిచేయువారిలో ఫిలిప్పీన్స్ దేశస్థులు చాలామంది. మన పిల్లలు సెలవుమీద వచ్చినప్పుడు వారిని గూర్చి చెప్పుట మీరూ వినియుందురు. ఆ దేశపు గణాంక శాఖవారు పరదేశములో పనిచేయు తమవారిని గూర్చి ప్రతి సంవత్సరము సర్వే చేస్తారు. 2023లో అట్టివారు 21 లక్షల 60 వేలమంది అనియు, వారిలో సగముకంటె ఎక్కువమంది స్త్రీలనియు తేల్చారు. ఏ దేశమునుండి ఎంత సొమ్ము వచ్చినదో వారి కేంద్ర బ్యాంకు నెలనెలా ప్రకటిస్తుంది. 2024లో బ్యాంకుల ద్వారా వచ్చినది 3,449 కోట్ల డాలర్లు. వెళ్ళినవారి బాగోగులు చూచుటకు 2021లో చట్టము చేసి ప్రత్యేకముగా ఒక మంత్రిత్వ శాఖనే పెట్టుకొన్నారు.

అంత దూరమెందుకు? కేరళవారు 1998 నుండి అయిదేండ్లకొకసారి ఇంటింటికి వెళ్ళి వలస సర్వే చేస్తున్నారు. 2023 సర్వేలో 22 లక్షలమంది పరదేశములో ఉన్నారని, ఒక్క సంవత్సరములో 2,16,893 కోట్ల రూపాయలు పంపారని తెలిసింది.

మన దగ్గర ఉన్నది వేరే లెక్క. 1983 వలస చట్టము ప్రకారము, పదవ తరగతి పాసుకానివారు గల్ఫ్ మొదలగు 18 దేశములకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావలెను. ఆ అనుమతి తీసుకొన్నవారే ఆ లెక్కలో ఉంటారు. పదవ తరగతి పాసైనవాడు ఆ లెక్కలోకి రాడు. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ పనికి కుదిరినవాడు కూడా రాడు.

ఇప్పుడు మా సంఘము సంగతి చెబుతాము. ఇది మా తప్పు ఒప్పుకొనుట కూడా.

మేము సేవచేయు సంఘము జగిత్యాల వైపు ఉన్నది. మా సంఘములో ఒక సహోదరుడు బహ్రెయిన్ వెళ్ళాడు. బహ్రెయిన్ ఒక చిన్న ద్వీపదేశము. 2020 జనాభా లెక్కలలో అక్కడ ఉన్నది 15 లక్షలమంది. వారిలో సగముకంటె ఎక్కువమంది, అనగా సుమారు 7 లక్షల 90 వేలమంది, పరదేశులు. మన భారతీయులే 3 లక్షలకు పైగా ఉన్నారు. ఆ ద్వీపములో శుక్రవారము సెలవు కనుక మనవారు ఎక్కువగా ఆ దినమే ఆరాధనకు కూడుకొంటారు. ఈ సహోదరుడు ప్రతి శుక్రవారము ఆరాధన ముగించుకొని తల్లికి ఫోన్ చేసేవాడు.

2018 జనవరిలో రెండు శుక్రవారములు ఫోన్ రాలేదు. మూడవ శుక్రవారము వేరే ఊరి తెలుగువాడొకడు ఫోన్ చేశాడు. ఆ సహోదరుడు గుండె ఆగి చనిపోయాడట; శవము ఆసుపత్రిలో ఉన్నదట.

ఆ తల్లి ఏడ్చుకొంటూ మా ఇంటికి వచ్చింది. "అయ్యగారూ, నా కొడుకును ఎట్లనన్న తెప్పియ్యుండ్రి" అన్నది. శవము ఇంటికి రావాలంటే పాస్‌పోర్టు నకలు కావలెను, యజమాని వివరములు కావలెను, కుటుంబమువారు వ్రాసిచ్చు అధికారపత్రము కావలెను. మమ్మును మొదట అడిగినది ఏ కంపెనీ అని. తల్లికి తెలియదు, భార్యకు తెలియదు. మేము సంఘపు రిజిస్టరు తీశాము. అందులో ఏమున్నది? మందిరపు పైకప్పుకొరకు ఆయన పంపిన 10,000 రూపాయలు తేదీతో సహా ఉన్నవి. క్రిస్మసుకు పంపిన 2,000 ఉన్నవి. కంపెనీ పేరు లేదు. పాస్‌పోర్టు నంబరు లేదు. ఆయనతో ఉండువారి ఫోన్ నంబరు ఒక్కటి లేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆయన సొమ్మును లెక్క వ్రాసుకొన్నాము, ఆయనను వ్రాసుకొనలేదు.

శవము శంషాబాదు విమానాశ్రయమునకు వచ్చేసరికి నెల దాటింది. పైగా ఆయన విజిట్ వీసా మీద వెళ్ళినవాడు. అనుమతితో వెళ్ళువారికి ప్రవాసీ భారతీయ బీమా అను పథకమున్నది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కడితే, ప్రమాదములో మరణమునకు గాని శాశ్వత వైకల్యమునకు గాని 10 లక్షల బీమా. ఇంకను చికిత్సవంటి కొన్ని సహాయములు. ఈయన ఆ పథకములో చేరనేలేదు. అది గుండె జబ్బుతో వచ్చిన మరణము కనుక చేరియున్నా ఆ 10 లక్షలు వచ్చేవని మేము చెప్పము. కాని ఏ సహాయమును అడుగుటకు కూడా ఆ కుటుంబము చేతిలో ఒక్క కాగితము లేకపోయింది.

మరుసటి సంవత్సరము, అనగా 2019లో, మా సంఘములోనే మరియొక తండ్రి వచ్చి, "అయ్యగారూ, పిలగాడు బహ్రెయిన్ పోతనంటుండు. ఏజెంటు లక్షా ఇరవై వేలు అడుగుతుండు. ప్రార్థన చెయ్యుండ్రి" అన్నాడు. ప్రార్థన చేశాము. చేసి, "పదండి, మేమూ వస్తాము" అన్నాము.

తెల్లవారుజామున బస్సెక్కి జూబ్లీ బస్టాండులో దిగి, సిటీ బస్సులో నాంపల్లి చేరాము. అక్కడ ఎం.జె. రోడ్డులో గాంధీభవన్ దగ్గర గృహకల్ప భవనము గల్ఫ్ వెళ్ళినవారికి బాగా తెలిసిన చోటు. వలసదారుల రక్షణాధికారి కార్యాలయము అందులో ఉండేది. అక్కడొక ఉద్యోగి ఓపికగా విన్నాడు. "ఏజెంటుకు లైసెన్సు నంబరుంటుంది, అడగండి. లైసెన్సు ఉన్నవాడు సేవారుసుముగా 30,000 రూపాయలు, దానిమీద పన్ను తప్ప తీసుకోరాదు. విజిట్ వీసా అంటే మాత్రము వద్దనండి. అట్లా పోయినవాడు మా లెక్కలోకి రాడు" అన్నాడు.

ఆ మాట వినగానే మాకు మా రిజిస్టరు జ్ఞాపకము వచ్చింది.

అక్కడనుండి నడుచుకొంటూ ఆబిడ్స్ వెళ్ళాము. జనరల్ పోస్టాఫీసు దాటి ఒక సందులో, దుకాణముల పైన మేడమీద ఏజెంటు గది. లైసెన్సు నంబరు అడిగాము. "అవన్నీ లేట్ అవుతాయి సార్, విజిట్ మీద పోతే పది రోజుల్లో పని" అన్నాడు. ఆలోచించి చెబుతామని దిగి వచ్చాము. తండ్రి ముఖము చిన్నబోయింది. పిల్లవాడైతే మాతో మాట్లాడలేదు.

తిరిగి నాంపల్లి స్టేషను వైపు వచ్చి ఒక ఇరానీ హోటలులో కూర్చున్నాము. చాయ్ చెప్పి, జేబులోని కవరు వెనుక లెక్క వ్రాశాము. అప్పు లక్షా ఇరవై వేలు. మిత్తి నూటికి 3 రూపాయలు, నెలకు 3,600. జీతము 90 దినార్లన్నారు. ఆనాటి ధరలో సుమారు 16,500 రూపాయలు. తిండికి, ఫోనుకు పోను 12,000 మిగులుతుందనుకొందాము. ఇంటి ఖర్చుకు 4,000 పంపి, 8,000 అప్పుకు కడితే అసలు, మిత్తి తీరుటకు 20 నెలలు. ఒప్పందము రెండేండ్లు. ఒక్క నెల కూడా జబ్బు చేయకుండా, జీతము ఆగకుండా ఉంటే చివరి నాలుగు నెలలే వానివి.

పిల్లవాడు కవరు తీసికొని చాలాసేపు చూచాడు. "గీ లెక్క మాకెవ్వలు చెప్పలే" అన్నాడు.

బురుజు కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనడా అని మన ప్రభువు అడిగిన సంగతి లూకా సువార్తలో చదువుచున్నాము. శిష్యరికమునకు తగులు ఖర్చును గూర్చి ఆయన ఆ మాట చెప్పాడు. కాని ఇంట్లో పెద్ద నిర్ణయము చేయునప్పుడు కూడా ఆ బుద్ధి మనకు అవసరమే. ముందు కూర్చుండవలెను. మనము నిలువుకాళ్ళమీద అప్పు చేసి, విమానమెక్కించిన తరువాత కూర్చుంటున్నాము.

మేము గల్ఫ్ వెళ్ళవద్దని చెప్పుటలేదు. యాకోబు కుమారులు కరవులో ఐగుప్తుకు వెళ్ళలేదా? బోరు ఎండినవాడు, కూలి దొరకనివాడు వెళ్ళకేమి చేస్తాడు? ఆ పిల్లవాడు కూడా కొన్ని నెలల తరువాత వెళ్ళాడు. లైసెన్సున్న ఏజెంటు ద్వారా, అనుమతితో, బీమాతో, సగముకంటె తక్కువ అప్పుతో వెళ్ళాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఆ ఆదివారమే మా సంఘములో ఒక కొత్త రిజిస్టరు తెరిచాము. బాప్తిస్మములకు, వివాహములకు, సమాధులకు రిజిస్టర్లున్నవి, వెళ్ళినవారికి లేదు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక పేజీ. పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా రకము, కంపెనీ లేక యజమాని పేరు, అక్కడి ఫోన్, అక్కడ దగ్గరగా ఉండు ఒక తెలుగువాని ఫోన్, బీమా కాగితము నకలు. క్రింద ఇంకొక గీత: ఇంటివద్ద ఎవరెవరున్నారు, వారి సంగతి ఏమిటి. మొదటి దినమున 17 పేర్లు వ్రాశాము. సొమ్ము కొరకు ఆ పేజీలో గడి పెట్టలేదు.

2020 మే నెలలో కరోనా కాలమున వందే భారత్ విమానములు మొదలైనప్పుడు ఆ 17 నంబర్లకు వరుసగా ఫోన్ చేశాము. ముగ్గురికి పని పోయి, తిండికి ఇబ్బందిగా ఉన్నదని అప్పుడే తెలిసింది. ఇంట్లో చెప్పుకొనలేక దాచారు. రాయబార కార్యాలయములో వారి పేర్లు వ్రాయించుటకు కావలసిన వివరములన్నీ ఆ పుస్తకములోనే దొరికినవి. ముగ్గురూ ఇల్లు చేరారు.

ఇంకొక సంగతి. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబమునకు 5 లక్షల సహాయము ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తర్వు ఇచ్చింది. 2023 డిసెంబరు 7 తరువాత జరిగిన మరణములకు ఇది వర్తిస్తుంది. అది పొందుటకు కూడా కాగితములు కావలెను. చనిపోయిన ఇంట్లో కాగితములు వెదకుట ఎంత కష్టమో మేము చూచాము.

కాబట్టి పెద్దలారా, స్త్రీల సమాజపు తల్లులారా, ఈ నెలలో ఒక సాయంత్రము కూర్చుండండి. మీ సంఘమునుండి వెళ్ళినవారెందరు? మీ ఇంటివాడు ఏ కంపెనీలో ఉన్నాడో మీ కోడలికి తెలుసా? రెండు రూపాయల నోటుపుస్తకము కాకపోతే ఇరవై రూపాయలది కొనండి. పేరుపేరున వ్రాయండి. ఆదివారము ప్రార్థనలో "పరదేశములో ఉన్నవారందరిని" అని ఒక్క మాటలో ముగించక, ఆ పుస్తకము చేతపట్టుకొని ఒక్కొక్కరిని పేరుతో దేవునికి అప్పగించండి. తొంభైతొమ్మిది గొఱ్ఱెలను విడిచి ఒకదానికొరకు వెళ్ళిన కాపరికి తన మంద లెక్క తెలుసు. తెలుసు గనుకనే ఒకటి తక్కువైనదని కనిపెట్టాడు.

మందిరపు పైకప్పు క్రింద కూర్చున్నప్పుడెల్ల ఆ సహోదరుడు మాకు జ్ఞాపకము వస్తాడు. ఆయన తల్లి ఇప్పటికీ ముందు వరుసలోనే కూర్చుంటుంది. కొత్త రిజిస్టరులో మొదటి పేజీ ఆయనది. వివరములన్నీ వ్రాసి ఉన్నవి. ఆలస్యముగా వ్రాశాము.

మీరు ఆలస్యము చేయవద్దని ఈ మాటలు.